టెక్కలిసీమ తపాలాచరిత్రము – బిళ్ళల సంగ్రహణము

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి సమీపమున రావివలస యను గ్రామము కలదు. కప్పులేని తావున నెండకు వానకు నోర్చి నిలిచియున్న మల్లికార్జునలింగమువలన నీ యూరు ప్రసిద్ధి కెక్కినది. జనులు స్వామిని ఎండల మల్లన్న యందురు. కార్తికమాసమున నచ్చటికి యాత్రికులు విశేషముగ వత్తురు. స్వామి యెండలవాడు గావున నూరిపేరిలోని పూర్వపదము సూర్యవాచకమగు రవిశబ్దమే యని యెవరైన నూహింతురేని, ఆ దీర్ఘమునకు గతి చెప్పవలసివచ్చును. రావి యనునది చెట్టుపేరు. ఇంతకంటె దూరము పోనక్కఱలేదు. ఉత్తరపదమైన వలస మాత్రము చరిత్రకారునకు మిక్కిలి పనికివచ్చునది. ఒకచోటు విడిచి మఱియొకచోట జేరినవారు కట్టుకొన్న యూరికి వలస యని పేరు. కళింగసీమలో నిట్టి పేళ్లు పెక్కు గలవు. రావివలసలే యొకటికంటె నెక్కువ గలవు. కావుననే యీ రావివలసకు జాబు వ్రాయువాడు పైవిలాసమున టెక్కలిపేరు గూడ వ్రాయవలసి యుండెను. లేనిచో నది మఱియొక రావివలసకు బోయి తిరిగివచ్చిన నాశ్చర్యములేదు. ఒక గ్రామము తనపేరితోబాటు మఱియొక యూరిపేరును ధరించుట తపాలావలన గలిగిన యాచారము. ఈ యాచారమెట్లు పుట్టినదో, ఈ తీరమున జాబులు ఏ దారిని నడచినవో తెలిసికొనుటకు గల ముఖ్యాధారములు కవరులు, వానిపై నంటించిన బిళ్ళలు, ఆ బిళ్ళలపై గొట్టిన ముద్రలు.

తపాలాబిళ్ళలను గూర్చుట బాలుర వినోదమని పండితులు చాలమంది తలంతురు. ఆ తలంపునకు గారణము లేకపోలేదు. పుస్తకమునం దంటించిన రంగుబొమ్మలను జూచి సంతోషించుటతో తృప్తిపడువారే సంగ్రాహకులలో నెక్కువ. అయినను ఈ విద్యకు ఐరోపాఖండమున బెట్టిన పేరు విచారింపదగినది. 1864లో జార్జి హెర్పిన్ అను ఫ్రెంచివాడు గ్రీకుభాషనుండి రెండుపదములు గైకొని 'ఫిలాటెలీ' యను పేరు గూర్చెను. ఫిలోస్ అనగా ప్రియుడు. అతెలేయా అనగా సుంకము లేకపోవుట. ఇందలి అకారము మన నఞ్ వంటిదే. 'టెలోస్' సుంకమైనచో 'అతెలేయా' సుంకాభావము. సుంకము లేకపోవుట కేల సంతోషింపవలెను? 1840వ సంవత్సరము మే 6వ తేదీన ఇంగ్లండులో రోలండు హిల్ ఏర్పాటుచొప్పున మొదటి బిళ్ళ చెల్లుబడికి వచ్చువఱకు, కూలి నిచ్చుభారము తఱచుగా జాబు నందుకొనువానిపై నుండెను. బిళ్ళ యంటించినచో బంపువాడే కూలి చెల్లించెను, అందుకొనువానికి సుంకములేదు. మన గ్రామములలో బేరింగుజాబు వచ్చినదనగా నింటివారు తెల్లబోవుట పెద్దలెఱిగిన సంగతియే. బిళ్ళయొక్క యర్థమంతయు నా యకారమునందే యున్నది.

పేళ్ల ప్రసంగము వచ్చినది గావున తెనుగు మాటలను గూడ గొంచెము విచారింపవచ్చును. ఒకరు మఱియొకరికి వ్రాసి పంపుదానిని తెనుగువారు ఉత్తరమందురు. సంస్కృతమున నుత్తరమనగా ప్రశ్నకు బదులు. జాబు అను మాట అరబ్బీ జవాబునుండి వచ్చినది. దానికిని బదులనియే యర్థము. ఒకటి దేవభాషనుండియు మఱియొకటి తురకభాషలద్వారమునను వచ్చినను రెండును బదులను నర్థమును విడిచి, మొదట వ్రాసినదానికి సైతము పేళ్లయినవి. అంతట నిజమైన బదులునకు ప్రత్యుత్తరమని వేఱుపేరు కావలసివచ్చెను. అచ్చతెనుగున గమ్మ యను మాట యున్నది. అది తాటాకును జెప్పును, తాటాకుపై వ్రాసిన జాబునుం జెప్పును. ఇక టపా యనునది హిందుస్తానీ మహారాష్ట్రభాషల 'టప్పా'. ఒక మజిలీనుండి మఱియొక మజిలీకి గల దూరమని దాని మొదటి యర్థము. దీనికి సరియైన దేశ్యపదము అంచె. అంచెలంచెలుగా ననుటలో నా యర్థము నేటికిని నిలిచియున్నది. కన్నడమున తపాలాకు అంచె యనియే పేరు. హంసశబ్దమునకు వికృతి అంచ గావునను, నలుని దౌత్యము నెఱపినది హంస గావునను, అంచె హంసయే యని చెప్పుట వినుటకింపుగా నుండును. కాని మజిలీ మార్పే యీ మాటకు బ్రాణము. హంస యెచ్చటను మజిలీ మార్చినట్లు కథలో లేదు.

ఈ సీమలో జాబు కొత్తవస్తువు కాదు. టెక్కలిప్రాంతమున దొరకిన ప్రాచ్యగాంగరాజుల తామ్రశాసనములను శాసనపరిశోధకు లెఱుగుదురు. ఆ శాసనముల నిర్మాణమును శ్రద్ధతో జూచినవారికవి జాబులే యని తోపకమానదు. కళింగనగరమునుండి వెలువడినదని మొదట స్థలనిర్దేశము, పంపువాని పేరును బిరుదములును, 'కుశలీ' యని క్షేమవార్త, గ్రామమునందలి కుటుంబులను సంబోధించుట, ఆజ్ఞ, తుదకు సంవత్సరమును దినమును. రేకులను గ్రుచ్చిన కడియముపై వృషభముద్ర. నేటి కవరుపై నేమున్నది? పంపుచోటి ముద్ర, తేదీ, అందుకొనువాని పేరు, గ్రామము, రాజచిహ్నముగల బిళ్ళ. రాగిరేకును మ్యూజియమునం దుంచి కవరును పొయ్యిలో వేయుట కాలదోషమే గాని వస్తుదోషము గాదు. భేదమొక్కటి: శాసనము రాజు వ్రాయించినది, ఆచంద్రార్కముగ నుండవలెనని చెక్కించినది. కవరు సామాన్యులది, ఎవరును దాచవలెనని పంపినది గాదు. అందుచేతనే దానిమాట నమ్మదగినదని చెప్పవచ్చును.

కుంపిణీవారికాలపు తపాలాను గూర్చి వ్రాతమూలములు కలవు. 1766లో క్లైవు ప్రభువు బంగాళమున జాబులను నియతముగ బంపుటకేర్పాటు చేసి, దారిలోని జమీందారులు మోతకాండ్ర నీయవలెనని విధించెను. 1774లో వారన్ హేస్టింగ్సు కలకత్తాలో పెద్దకచ్చేరీని స్థాపించి, కూలి యిచ్చి పరులును జాబులు పంపవచ్చునని తెఱపి యిచ్చెను. నూఱు మైళ్లకు రెండణాలు కూలి. అందులకై రెండణాల విలువగల రాగిబిళ్ళలు చేయించిరి. కాగితపుబిళ్ళ పుట్టుటకు 66 ఏండ్లకు ముందే యిచ్చట లోహపుబిళ్ళ యుండెననుట గమనింపదగినది. గుండ్రని రాగిముక్క గావున బిళ్ళ యను తెనుగుమాట కాగితముకంటె దానికే చక్కగ నతుకును.

చెన్నపురియందు 1786వ సంవత్సరము జూన్ 1వ తేదీన, సర్ ఆర్చిబాల్డు కాంబెలు గవర్నరుగా నున్నకాలమున, తపాలాకచ్చేరీ ఏర్పడెను. అచ్చటినుండి మూడుదారులు నిర్ణయింపబడినవి: ఒకటి పడమర వేలూరునకు, ఒకటి దక్షిణముగ అంజెంగోకు, మూడవది సముద్రతీరముననే యుత్తరముగ గంజామువఱకు. ఈ మూడవదారియే టెక్కలిసీమమీదుగ బోయినది. శ్రీకాకుళమునుండి ఇచ్చాపురమునకును, అచ్చటినుండి గంజామునకును బోవువాడు ఒకప్రక్క మహేంద్రగిరి పంక్తిని, ఒకప్రక్క ఉద్దానపు తోటలను జూచుచు నడువవలసినదే. కొండకును కడలికిని నడుమ వేఱుదారి కవకాశము తక్కువ. చెన్నపురితపాలా యుత్తరముగను, కలకత్తాతపాలా దక్షిణముగను వచ్చి గంజాముకడ గలిసికొనెను. కావున కలకత్తా చెన్నపురులకు నడుమ మెట్టదారిని నడచిన ప్రతిజాబును ఈ సీమవారి భుజములపైననే పోయినది. రాజధానులు రెండింటి రహస్యములును సంచిలో నుండ, దానిని మోసినవానికి అక్షరము రాదు.

మోతకాండ్రు గజ్జెలు గట్టిన బల్లెము చేతబట్టి పరుగెత్తెడివారు. గజ్జెలసవ్వడి ముందుచౌకీవానికి మేలుకొలుపు. రాత్రులు దివిటీవాడు తోడుండెను. అడవితావుల డప్పుగొట్టువాడు గూడ నుండెను. వంశధార పొంగినప్పుడు సంచి యీవలియొడ్డుననే నిలిచిపోవలసినదే. ఈ కష్టములు కాగితములలో నక్కడక్కడ సూచనగా మాత్రమే కానవచ్చును. మోసినవాని పేరు ఏ కవరుమీదను లేదు.

1837వ సంవత్సరపు 17వ చట్టముచే తపాలా ప్రభుత్వమున కేకాధికారమయ్యెను. దూరమునుబట్టి, బరువునుబట్టి కూలి. బిళ్ళలు లేని యీకాలమున కచ్చేరీవారు కవరుపై చేతిముద్ర వేసెడివారు. కూలి ముందే చెల్లినచో ఎఱ్ఱసిరాయు, చెల్లనిచో నల్లసిరాయు వాడుట పద్ధతి. ఈ ముద్రలందు ఊరిపేళ్లు ఆంగ్లలిపిలో నున్నవి. శ్రీకాకుళము చికాకోలయ్యెను, విశాఖపట్టణము విజగపటమయ్యెను. చెవికి వినబడినట్లు వ్రాసికొన్న యీ రూపములను జూచి పండితులు నవ్వవచ్చును గాని వానిని దిద్దరాదు. తాళపత్రమునందలి లేఖకదోషమును మూలమునం దుంచి దిద్దుపాటు నడుగున జూపుట పరిష్కర్తల సంప్రదాయము. ముద్రలయెడలను అదే న్యాయము. ఏ యక్షరకూర్పు ఏయేండ్ల వాడుకలో నుండెనో తెలిసినచో తేదీ చెఱిగిన కవరునకు గాలము నిర్ణయింపవచ్చును.

ఆ తరువాతిది బిళ్ళలకాలము. 1852 జూలై 1వ తేదీన సింధుదేశమున బార్టిల్ ఫ్రియరు గుండ్రని అరణాబిళ్ళల నచ్చొత్తించెను. 1850లో నియమింపబడిన కోర్ట్నీ, ఫోర్బ్సు, బీడన్ అను మువ్వురు విచారణకర్తల నివేదికననుసరించి 1854లో కొత్తచట్టము వచ్చి, ఆయేడు అక్టోబరు 1వ తేదీనుండి హిందూదేశమంతటికి నొకే బిళ్ళ, ఒకే కూలి యేర్పడెను. పావుతులము బరువునకు అరణా, దూరముతో బనిలేదు. టెక్కలినుండి శ్రీకాకుళమునకును అరణాయే, పెషావరునకును అరణాయే. దూరమును లెక్కలోనుండి తొలగించిన యీ మార్పు చిన్నదిగ దోచునుగాని, వలసపోవువారు మెండుగానున్న సీమకిది యెంతటి మేలో ముందు తెలియగలదు.

ఈ బిళ్ళలు లండనునుండి రాలేదు. కలకత్తాలో సర్వేయరు జనరలు కచ్చేరీయందు కాప్టెను థూలియరు ఱాతియచ్చుతో దీయించెను. మొదట అరణాబిళ్ళను సిందూరవర్ణమున గొంత యచ్చొత్తిరి. ఆంగ్లదేశపు సిందూరపురంగు చాలమి నది విడిచి నీలవర్ణమున దీసిరి. ఎఱ్ఱనివి చెల్లుబడికి రానేలేదు. నాలుగణాలబిళ్ళ రెండురంగులది, రంగునకొకతేప యచ్చొత్తవలెను. కాగితమును త్రిప్పి పెట్టుటచే గొన్నింట రాణిశిరస్సు తలక్రిందయ్యెను. ధనవంతులు లక్షలుపోసి కొనునవి యవియే. తప్పునకు విలువ యెక్కువగుట సాహిత్యమున నెఱుగని వింత. అంతకంటె విద్వాంసులకు బనికివచ్చునది అరణాబిళ్ళయందలి యచ్చుభేదములు. మొదటియచ్చు, రెండవయచ్చు, మూడవయచ్చు అని వానికి సూక్ష్మభేదములు గలవు. జుట్టుముడియందును చుబుకరేఖయందును గల యీ తేడాలను భూతద్దమున జూచి, ఏ ఱాతినుండి యేది వచ్చినదో నిర్ణయించుట ప్రతుల పాఠభేదములనుండి మాతృకను గనుగొనుటవంటిదే. ప్రతులను బోల్చుటకలవాటుపడిన కన్ను ఈ పనికిని జాలును.

1855 మొదలు చాలకాలము బిళ్ళలపై గొట్టిన ముద్రలలో ఊరిపేరునకు బదులు సంఖ్య యుండెను, కచ్చేరీకొక సంఖ్య. పేరుగల ముద్ర కవరుపై వేఱొకతావున నుండెను. సంఖ్యలపట్టిక పూర్తిగ నిలువలేదు. బొంబాయివాడైన జాల్ కూపరు మొదలగువారు పూర్తికవరులను వేలకొలది పరిశీలించి, సంఖ్యప్రక్కననున్న పేరునుబట్టి యేది యే యూరిదో నిర్ణయించిరి. ఇది సరిగా ద్విలిపిశాసనముచే నెఱుగని లిపిని జదివినట్లు. కవరునుండి బిళ్ళను వేఱుచేసినచో సంఖ్య బిళ్ళతో బోవును, పేరు కవరుతో బోవును, రెండును మూగవగును.

రైలు వచ్చుటతో నీ తీరపు తపాలామార్గము రూపుమాఱెను. తూర్పుతీరపురైలు 1893 మొదలుగ ఖండములు ఖండములుగ దెఱువబడెను. పలాస, నౌపడ స్టేషనులు దానిపైనివే. గజ్జెలబల్లెము పెద్దదారిని విడిచి, స్టేషనునుండి లోపలియూళ్లకు బోవు చిన్నదారులకు బరిమితమయ్యెను. 1900లో పర్లాకిమిడి రాజావారు నిర్మింపించిన చిన్నరైలు నౌపడనుండి టెక్కలిమీదుగ పర్లాకిమిడికి నడచెను. 1931 నాటికది గుణుపురమువఱకు సాగెను. ఇంతలో తపాలావారు జాబులు మోయుటయే గాక వేఱుపనులును దలకెత్తుకొనిరి. 1877లో వి. పి. పార్సెలు, 1879 జూలై 1వ తేదీన కానీ వెలగల కార్డు, 1880లో మనియార్డరు, 1882లో సేవింగ్సుబ్యాంకి. ఇందు కార్డును మనియార్డరును ఈ సీమవారి జీవితమునే మార్చినవి.

గ్రామములలో శాఖాకచ్చేరీల కెవరిని బెట్టవలెనను చిక్కును ప్రభుత్వమువారు తఱచుగ బడిపంతులుగారిని నియమించి తీర్చుకొనిరి. చదువువచ్చినవాడు, ఊరివాడు, కొద్దిపాటి భత్యమునకు దృప్తిపడువాడు. ఉదయమున గుణింతము చెప్పుట, మధ్యాహ్నము సంచి విప్పుట. జాబులను బంచుటయేగాక చదివి వినిపించుటయు బదులు వ్రాసిపెట్టుటయు నాతనిపాలనే పడెను. కాబట్టి చాలజాబులలోని భాష పంపువానిది కాదు, పంతులుగారిది. 'క్షేమము' 'తమ రాక' మొదలగు మాటలు పంతులుగారివి, నడుమనుండి తొంగిచూచు పాడిపశువు, పొలముతగాదా, పిల్లవాని జ్వరము పంపువానివి. భాషాచరిత్ర వ్రాయువా రీ రెండుపొరలను విడదీసి చదువుట యవసరము.

ఇప్పుడు రంగూను ప్రసక్తికి వచ్చుట. గంజాము, విశాఖపట్టణము జిల్లాల తీరవాసులు బర్మాకు గూలికై పోవుట 19వ శతాబ్ది యుత్తరార్ధమున బ్రబలినది. కళింగపట్నము, బారువ, గోపాలపురము రేవులలో స్టీమరెక్కి రంగూనులో దిగెడివారు. బియ్యపుమిల్లులలోను, ఓడఱేవునందును బనిచేసినవారిలో దెనుగువారు మెండు. బర్మావారు వారిని కోరంగివారని వ్యవహరించిరి. మేస్త్రీ బయానా యిచ్చి తీసికొనిపోవును. ఆ బయానా తీఱువఱకు మనిషి తిరిగిరాలేడు. ఇంటికి వచ్చునది మనియార్డరు. దానిక్రింది చిన్నచీటిపై నాలుగుమాటలు. అవియు లేనప్పుడు కార్డు. ఈ సీమలోని యెన్నియో యిండ్ల పొయ్యి రంగూను ముద్రను జూచి వెలిగెను.

ఈ జాబులను బిళ్ళలదృష్టితో జూచిన నొక విశేషము గలదు. 1937 మార్చి 31వ తేదీవఱకు బర్మా హిందూదేశములోని రాష్ట్రమే గావున నచ్చట జెల్లినదియు హిందూదేశపుబిళ్ళయే. టెక్కలిలో నంటించిన అరణాబిళ్ళకును రంగూనులో నంటించిన అరణాబిళ్ళకును రూపమున భేదములేదు, ముద్రయే భేదము. 1937 ఏప్రిలు 1వ తేదీన బర్మా వేఱుపడెను. ఆనాటినుండి హిందూదేశపుబిళ్ళలపైననే 'బర్మా' యని ఆంగ్లాక్షరముల నడ్డముగ నచ్చొత్తి వాడిరి. 1938లో వారికి సొంతబిళ్ళలు వచ్చెను. ఒకే యింటికి, ఒకే మనుజుడు వ్రాసిన జాబులను వరుసగ బేర్చినచో, సముద్రమున కావలనున్నవాడు కదలకయే పరదేశమున బడిన దినము బిళ్ళమీద గనబడును. 1930 మే నెలలో రంగూను ఱేవునందు తెనుగుకూలీలపై దొమ్మి జరిగిన తరుణమున వచ్చిన జాబులు దొరకినచో వాని విలువ చెప్పనలవికాదు. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో పట్టణము వారి వశమయ్యెను. ఆ యేడు బర్మాలో బాతబిళ్ళలపై నెమలిముద్ర వేసి వాడిరి. ఆ నెమలిబిళ్ళ సంగ్రాహకులకు ముద్దు. కాని ఆ బిళ్ళతో నే జాబును ఉద్దానమునకు రాలేదు, దారి తెగినది. జాబులకు మాఱుగ మనుష్యులే అడవులవెంట నడచి వచ్చిరి, వచ్చినంతమంది.

ఇక నేల కదలకుండ జిల్లా మాఱిన వైనము. టెక్కలి, సోంపేట, ఇచ్చాపురము ప్రాంతములు గంజాము జిల్లాలోనివి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సారాష్ట్ర మేర్పడగా, పర్లాకిమిడి యటుపోయినది, టెక్కలి విశాఖపట్టణము జిల్లాతో జేరినది. నౌపడలో నెక్కినవాడు చిన్నరైలులోననే రాష్ట్రము దాటవలసివచ్చెను. 1950 ఆగష్టు 15వ తేదీన శ్రీకాకుళము జిల్లా యేర్పడెను; 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము. కావున పైవిలాసమునందలి జిల్లాపేరునుబట్టి కాలనిర్ణయము చేయవచ్చును. కాని యిందొక మెలకువ కావలెను. 'శ్రీకాకుళము జిల్లా' యనియున్న కవరు 1950కి ముందటిది కాజాలదు. 'గంజాము జిల్లా' యనియున్నది 1936కు ముందటిదే యని నిశ్చయింపరాదు. రంగూనుననున్నవాడు తానూరు విడిచిననాటి జిల్లాపేరునే పదియేండ్ల తరువాతను వ్రాయును. కొత్తపేరు పూర్వావధిని జెప్పునుగాని పాతపేరు పరావధిని జెప్పదు. దీనిని మఱచి కొందఱు తేదీలేని కవరులకు లేని ప్రాచీనత గట్టుదురు.

బిళ్ళలపై దెనుగక్షరమెప్పుడు కనబడినదని యడుగువారు కలరు. టెక్కలిలో జెల్లిన బ్రిటిషు ఇండియా బిళ్ళలపై నది లేదు. నిజామురాజ్యపు బిళ్ళలపై పారసీకము, ఆంగ్లము, మరాఠీలతోబాటు తెనుగున గూడ విలువ వ్రాయబడినది. ఆ బిళ్ళలు 1950తో నిలిచిపోయినవి. గోదావరికీవలి తెనుగువారి కవి చిరకాలము పరదేశపుబిళ్ళలే. స్వతంత్రభారతమున దెనుగు మహాపురుషులకు బిళ్ళలు రాసాగినవి: 1974లో వీరేశలింగముపంతులుగారికి, అదే యేడు బరంపురమున జన్మించిన వి. వి. గిరిగారికి, 1986లో అల్లూరి సీతారామరాజుగారికి. 1975లో హైదరాబాదునం దైన ప్రపంచ తెలుగుమహాసభలకు నొక బిళ్ళ వచ్చెను.

రావివలస చిక్కు తీఱినది 1972 ఆగష్టు 15వ తేదీన. నాడు దేశమంతట నాఱంకెల పిన్‌కోడు వచ్చెను. మొదటియంకె ప్రాంతము, రెండవది యుపప్రాంతము, మూడవది జిల్లా, తక్కిన మూడును కచ్చేరీ. 532 అని చూడగానే శ్రీకాకుళపు ప్రాంతము. 532201 టెక్కలి, 532221 పలాస. ఈ పద్ధతిని గల్పించినవారు శ్రీరామ భికాజీ వేలణకరుగారు. ఆయన తపాలాశాఖలో నున్నతోద్యోగి యగుటయేగాక సంస్కృతకవి. నూఱుకు మించిన గ్రంథముల రచయిత. ఒకదెస జదివిన రామకథయు, వెనుకకు జదివిన కృష్ణకథయు నగు విలోమకావ్యము నాయన రచించెను. 1973లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ తపాలాబిళ్ళల ప్రదర్శనమునకు నాయనయే యధ్యక్షుడు. ఛందశ్శాస్త్రమున ప్రస్తారము వేయుట యెఱిగినవానికి ఆఱంకెలలో దేశమును బఱచుట కష్టము కాకుండును. సంస్కృతము చదివినవాడు లోకవ్యవహారమునకు బనికిరాడను వాదమున కీ యాఱంకెలే బదులు.

సంగ్రాహకులలో బ్రబలియున్న యొక దురాచారమును జెప్పక తప్పదు. బిళ్ళను కవరునుండి కత్తిరించి, నీటిలో నానబెట్టి యూడదీసి, కవరు పాఱవేయుదురు. 1897లో కలకత్తాలో స్థాపింపబడిన ఫిలాటెలిక్ సొసైటీ ఆఫ్ ఇండియా కాలమునుండియు బిళ్ళలపై విద్వద్గ్రంథములు వెలువడుచున్నను, బడిపిల్లలకు నేర్పునది నేటికిని నానబెట్టుటయే. పైన జెప్పిన రంగూనుజాబు సంగతి తలచినచో నష్టము తెలియును. 1937కు ముందటి యరణాబిళ్ళ నీటిలో బడి యూడి వచ్చినపిమ్మట నది రంగూనుదో రాజమహేంద్రవరముదో చెప్పుటకు ముద్రలో సగమైన మిగులదు. అంగడిలో దానివెల యణాకు మించదు. కవరుతో నున్నచో నది యొక కుటుంబముయొక్క చరిత్రకును, ఒక ఱేవుయొక్క చరిత్రకును సాక్ష్యము. కవరు వెనుకభాగమున జేరినచోటి ముద్రయు దేదియు నుండును. రెండుతేదీలను బోల్చినచో స్టీమరు, రైలు, మోతకాడు కలిసి యెన్నిదినములు పట్టెనో లెక్క దేలును. ఈ లెక్క యే గెజెటీరులోను దొరకదు.

ఉద్దానతీరమున గాగితము బ్రతుకుట కష్టము. చెదలు సరేసరి. 2013 అక్టోబరున ఫైలిన్ తుపాను, 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరమును ముంచెత్తినవి. కొబ్బరి జీడితోటలే కూలినచోట ఇంటిచూరులో జెక్కిన జాబులకట్ట నిలుచునని యాశింపరాదు. వెదకవలసినచోట్లు కొన్ని గలవు: పాత భూషాణములు, పద్దుపుస్తకముల నడుమ, మనియార్డరు రసీదులను గ్రుచ్చియుంచిన యినుపతీగ. ఆ తీగ మధ్యనుండి దూసికొనిపోవుటచే కార్డునకు రంధ్రము పడియుండును. సంగ్రాహకులు దానిని దోషముగ నెంచి వెల తగ్గింతురు. తాటాకుప్రతికి రంధ్రముండుట దోషమని యెవరనిరి?

తపాలా విధానమును వేగముగ మాఱుచున్నది. 2013 జూలైలో టెలిగ్రామును నిలిపివేసిరి. 1898వ సంవత్సరపు తపాలాచట్టమునకు బదులు 2023వ సంవత్సరపుచట్టము 2024 జూన్‌లో నమలునకు వచ్చెను. 2025 సెప్టెంబరు 1వ తేదీనుండి రిజిస్టరుతపాలా స్పీడుపోస్టులో గలిసిపోయినది. ఇట్టి సమయమున దొరకిన కవరులను ఊరూర బట్టిక వేయుట బడిపండితులకే సాధ్యము. ఒకప్పుడు సంచి విప్పినవారి స్థానముననే వారున్నారు. పట్టికలో బిళ్ళరంగుతోబాటు ముందరిముద్ర, వెనుకముద్ర, పైవిలాసపు అక్షరకూర్పు, జాబువ్రాసినచేయి యెవరిదో తెలిసినచో నదియు, ఉన్నదున్నట్లు చేర్పవలెను.

అట్లు చేర్చినను ఒకలోపము తీఱదు. ఈ యిండ్లలో దొరకునవి రంగూనునుండి వచ్చినవి. ఇచ్చటినుండి భార్యలు, తల్లులు పంతులుగారిచే వ్రాయించి పంపినవి రంగూనులోని కూలిలైనులలో నుండిపోయినవి. 1942లో నడచి వచ్చినవారు బిడ్డలను, బియ్యమును మోసికొనివచ్చిరి గాని కాగితములను మోయలేదు. కావున దొరకిన కట్ట యెంత పెద్దదైనను అందు సంభాషణ సగమే యుండును.